చేతికుట్టు పరికిణీ

మన తెలుగునాట ఆడపిల్లకు నడక వచ్చినది మొదలు ఓణీ వేయు వయసువఱకు పరికిణీయే ముఖ్యమైన ఉడుపుగా నుండెడిది. దీనినే కొన్ని తావుల లంగా యనియు, కొన్ని తావుల పావడ యనియు పిలుతురు. నేడది బడికి పోవు బాలికల నిత్యపుటుడుపు కాదు. పండుగలకు, పేరంటములకు, పెండ్లిండ్లకు మాత్రము మిగిలినది. మా చోడవరము బజారులో సంక్రాంతికి ముందు సిద్ధముగా కుట్టిన పరికిణీలు రంగురంగులుగా వ్రేలాడుచుండును. తళుకులు, అద్దములు, పూసలు వానిపై లెక్కకు మిక్కిలి. తల్లులు ముచ్చటపడి కొందురు, పిల్లలు ముచ్చటపడి కట్టుదురు. మఱుసటి సంక్రాంతికి అదే పరికిణీ చీలమండకు పైన నిలుచును. బిడ్డ పెరిగినది, పరికిణీ పెరుగలేదు. అంతటితో అది పెట్టె యడుగున చేరును.

పూర్వపు పరికిణీ యట్టిది కాదు. అది బిడ్డతోబాటు పెరిగెడిది. ఎనిమిదవ యేట కుట్టిన పరికిణీని పదునాలుగవ యేటగూడ కట్టుకొన్న స్త్రీలు మా వీధిలో నేటికిని కలరు. ఇందులో మాయ యేమియు లేదు. గుడ్డను వంకరగా కోయకుండుట, మిగులు నిడివిని మడతలుగా దాచుట, ఆ మడతలను మరల విప్పుటకు వీలైన కుట్టుతో నిలుపుట — ఇంతే యందలి మర్మము. కుట్టును గట్టిగా కుట్టుట యందఱెఱిగిన విద్య. విప్పుటకు వీలుగా కుట్టుట వేఱొక విద్య. ఈ రెండవ విద్యయే మన యిండ్లనుండి జారిపోవుచున్నదని మాకు తోచినది. అందుచే ఎనుబదియేండ్లు దాటిన మా వీధి మామ్మగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మా యింటి ఎనిమిదేండ్ల చిన్నదానికి ఒక పరికిణీని మొదటినుండి తుదివఱకు చేతితోనే కుట్టితిమి. యంత్రమును ముట్టలేదు. నాలుగు మధ్యాహ్నములు పట్టినది.

ముందుగా గుడ్డ మాట. నేతనేసిన నూలుగుడ్డయే దీనికి తగినది. గోటితో ఒకమాఱు గీసినచో అందు మడత నిలుచును; కృత్రిమపు నూలుతో నేసిన నునుపుగుడ్డలో మడత నిలువదు, సూది జారును, కుచ్చు కుదురదు. మాకు పాయకరావుపేట నేతచీర యొకటి ఇంటనే యుండెను. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు ఖద్దరు దొరకినవారికి అంతకంటె మేలైనది లేదు. అచ్చట ప్రత్తిని వాలుగచేప దవడపండ్లతో దువ్వి, పిదప ఏకి, వడకుదురు. చేప దవడ దువ్వెనయగునని విన్నప్పుడు మా చిన్నది నమ్మలేదు. కాని ఆ దువ్వెనవలననే నూలంత సన్నమగునని అచ్చటివారు చెప్పుదురు.

ఆరుగజముల చీరలో సగము, అనగా మూడుగజములు, ఒక పరికిణీకి సరిపోవును. మన పెద్దలు గజపుబద్ద నెరుగకమునుపే మూరలతో లెక్కించెడివారు. రెండు మూరలొక గజము, రెండు జానలొక మూర. ఆరు మూరల గుడ్డ కావలెనన్నమాట. చీర చెఱగువైపు ముట్టక లోపలికొంగు వైపునుండి తీసికొనుట మంచిది. చెఱగుతో గూడిన తక్కిన సగము ముందెప్పుడైన ఓణీకి పనికివచ్చును.

కత్తెర పట్టుటకు ముందు గుడ్డను ఒక రాత్రియంతయు చన్నీట నాననిచ్చి, మఱునాడు పిండకయే నీడన ఆరవేయవలెను. మగ్గముపైని గంజి దీనివలన వదలును, క్రుంగవలసినంత క్రుంగును. ఈ పని చేయక కుట్టిన పరికిణీ మొదటి యుతుకునకే బొందువద్ద ముడుచుకొని, అంచువద్ద మెలితిరుగును. పట్టుగుడ్డకు ఈ నానబోత పనికిరాదు. పట్టును అవసరమైనప్పుడు కుంకుడురసముతో తేలికగా జాడించిన చాలును.

ఇక కోయుట. కోయుట యనుటకంటె చించుట యనుటయే నిజము. పడుగు పోగుల వెంబడి నూలుగుడ్డను చించినచో గీటు గీచినట్లు తిన్నగా పోవును. అడ్డముగా కోయవలసినచోట చించరాదు. అచ్చట ఒక్క పేకపోగును సూదిమొనతో పైకెత్తి మెల్లగా లాగివేసిన, గుడ్డలో సన్నని బాట యొకటి పడును; ఆ బాట వెంబడి కత్తెర నడపవలెను. సుద్దముక్క యక్కఱలేదు, బద్ద యక్కఱలేదు.

మా చీర పన్నా 46 అంగుళములు. మా చిన్నదానికి నడుమునుండి చీలమండవఱకు 28 అంగుళములు. పైయంచు వైపున 8 అంగుళముల పట్టీని చించి వేఱుచేసితిమి. మిగిలినది 38. అందు ఒక యంగుళము నడుముపట్టీలోనికి పోవును. 37లో 28 పోగా 9 అంగుళములు మిగిలినవి. ఈ తొమ్మిదంగుళములే పరికిణీ పెరుగుటకు పెట్టిన పెట్టుబడి. ఒక్కొక్కటి అంగుళమున్నర లోతుగల మూడు మడతలు వేసినచో, మడతకు మూడేసి అంగుళముల గుడ్డ లోనికి పోవును. ఒక మడత విప్పిన 31, రెండు విప్పిన 34, మూడును విప్పిన 37. ఆడపిల్ల ఈ వయసున ఏటికి రెండంగుళములో, రెండున్నరయో పొడవు పెరుగును. ఆ పెరుగుదలలో నడుము క్రిందికి వచ్చునది సగము, కొంచె మెక్కువ. కావున ఒక్కొక్క మడత రెండేండ్లకు తక్కువగాకుండ వచ్చును. 37 అంగుళము లనగా నడిమి పొడవుగల యెదిగిన స్త్రీకి చాలినంత. ఒక్క చీరసగము పెండ్లియీడువఱకు వచ్చినదని మన ముత్తవలు చెప్పిన మాట ఉబుసుపోకకు చెప్పినది కాదు, అది లెక్క.

చించిన యెనిమిదంగుళముల పట్టీలోనే నడుముపట్టీ, బొందు రెండును వచ్చును. నడుముపట్టీ 31 అంగుళముల పొడవు, 5 అంగుళముల వెడల్పు. బొందు రెండు గజముల కొంచెము తక్కువ. మా చిన్నదాని నడుము 22 అంగుళములే యైనను పట్టీని 30కి కుట్టుట యెందుకని అడుగవచ్చును. పొడవే కాదు, నడుమును పెరుగును గదా! బొందు బిగించిన 22 అగును, వదలిన 30 అగును.

సూదిని గూర్చి యొక మాట. చేతిసూదుల యంకె పెరిగినకొలది సూది సన్నమగును. యంత్రపు సూదులకు ఇది తలక్రిందు. సన్నని నూలుగుడ్డకు 9వ అంకెదో 10వ అంకెదో తీసికొనవలెను. దారము మూరెడుకంటె పొడవుండరాదు. పొడవుదారము పని త్వరగా సాగునని భ్రమింపజేయును గాని, గుడ్డలో మాటిమాటికి దూరి నలిగి, పోగులు లేచి, చిక్కుపడి, తుదకు తెగును. దారమును తేనెమైనపు ముద్దపై ఒకమాఱు లాగినచో చిక్కుపడదు. మామ్మగారు కొన్నతావున తెచ్చిన దారమును పెట్టెలోనే యుంచమనిరి. చీరకొసనుండి పడుగుపోగులు లాగి, రెండేసి కలిపి పేని, వానితోనే మడతలు కుట్టించిరి. గుడ్డపోగే దారమైనప్పుడు రంగు కలియును, వెలిసినప్పుడును కలిసియే వెలియును. అయితే ఈ పోగులకు బలము తక్కువ. అందువలన నిలువుకుట్టునకు, నడుముపట్టీకి కొన్న దారమునే వాడితిమి.

మొదట నిలువుకుట్టు. మూడుగజముల గుడ్డ రెండు కొసలను చేర్చి గొట్టమువలె చేయవలెను. ఈ పరికిణీ కంతకును నిలువుకుట్టు ఇదియొక్కటియే. ఒక కొస రెండవదానికంటె కాలంగుళము ముందుకు వచ్చునట్లు పెట్టి, ముందుగా వెనుకకుట్టుతో గట్టిగా చేర్చి, పిదప పొడవు కొసను పొట్టికొసపై మడచి చుట్టుకుట్టుతో అణచివేయవలెను. పోగులు లేచు కొసలు రెండును ఇట్లు లోపల మూసికొనిపోవును. పైన ఆరంగుళములు కుట్టక వదలి, ఆ చీలిక రెండంచులను సన్నముగా మడచి కుట్టవలెను. చీలిక ముగియు చోట నాలుగైదు అడ్డుకుట్లు ఒకదానిపై నొకటి వేయుట మఱవరాదు. పరికిణీలు మొట్టమొదట చిరుగునది అచ్చటనే.

తరువాత మడతలు. ఇచ్చటనే ఈ విద్యయంతయు నున్నది. మామ్మగారు తాటాకుముక్క నొకదానిని తెప్పించి, కొసనుండి అంగుళమున్నర కొకటి, మూడంగుళముల కొకటి గాటు పెట్టిరి. ఇదియే కొలబద్ద. క్రింది యంచుపైన బెత్తెడు వదలి, అచ్చట తాటాకు పెట్టి, గోటితో గీసి, చుట్టును ఒకే మడతగా త్రిప్పుకొని రావలెను. మడతకొన క్రిందివైపునకు చూడవలెను. పైకి చూచినచో అందు దుమ్ము నిలుచును. రెండవ మడతకొన మొదటిదాని కుట్టును కప్పునట్లు, మూడవది రెండవదానిని కప్పునట్లు అమర్చిన, పైవాని కుట్టు తప్ప కుట్లేవియు కనబడవు. అంచుపైన మూడు చారలు మాత్రము కనబడును. ఇది యలంకారముకూడ నగును. మడతల బరువువలన పరికిణీ క్రింద నిలుకడగా వ్రేలాడుననుట వేఱొక లాభము.

ఈ మడతలకు వేయవలసినది ముందుకుట్టే. వెనుకకుట్టు కాదు. మాలో ఒకరు అలవాటుకొద్ది దారమును బిగించి లాగుచుండగా మామ్మగారు, "అంత బిగించకమ్మా! రెండేళ్లకి మళ్లీ నువ్వే కదా విప్పాలి!" అనిరి. అంగుళమునకు ఐదు కుట్లు చాలును. మూడు మడతలకు కలిపి తొమ్మిది గజముల కుట్టు. సుమారు 1,600 కుట్లు. మడత మడతకు దారము వేఱుగా నుండవలెను. ఒక మడత దారము మఱియొకదానిలోనికి పోనిచ్చినచో, ఒకటి విప్పినప్పుడు రెండవదియు వదులగును. దారము కొసను పెద్దముడిగా గాక రెండు చిన్న వెనుకకుట్లతో నిలుపవలెను. విప్పునాడు ఆ రెండింటిని తెంపి లాగినచో మూరెడు మూరెడుగా దారము జారివచ్చును. గుడ్డకు గాయము తగులదు.

యంత్రపు కుట్టు ఇట్లు విడివడదు. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లోను, ఐజక్ సింగరు 1851లోను హక్కుపత్రములు పొందిన యంత్రములనుండి నేటి విద్యుద్యంత్రములవఱకు, కుట్టుయంత్రమునకు సాధారణముగా దారములు రెండు. పైదారమును క్రిందిదారమును గుడ్డనడుమ ఒకదానితో నొకటి మెలివేసికొనును. అందుచేతనే అది యంత గట్టిది. అంత గట్టిది గనుకనే విప్పవలసివచ్చినప్పుడు కుట్టు కుట్టును వేఱుగా త్రెంపవలసియుండును; పట్టుగుడ్డయైనచో సూదిపోట్లు వరుసగా నిలిచిపోవును. యంత్రమును నిందించుట మా యుద్దేశము కాదు. నిలువుకుట్టును యంత్రముపై కుట్టుకొన్నను నష్టము లేదు. మడతలను మాత్రము చేతికే వదలుడని మా మనవి. ఏ కుట్టు ఎన్నేండ్లుండవలెనో తెలిసికొని దానికి తగిన బలము నిచ్చుట యంత్రమునకు తెలియని పని. నడుము జన్మమంతయు నిలువవలెను. మడత రెండేండ్లు నిలిచిన చాలును.

ఈ యెఱుక మనవారికే సొంతమనుకొనరాదు. జపాను దేశమున కిమోనోను తిన్నని నిలువుపట్టీలతోనే కుట్టుదురు. పూర్వము దానిని ఉతుకవలసివచ్చినప్పుడు కుట్లన్నియు విప్పి, పట్టీలు వేఱుగా ఉతికి, సాగదీసి ఆరవేసి, మరల కుట్టుకొనెడివారు. పిల్లల కిమోనోలకు భుజములవద్దను నడుమువద్దను పెరుగుదలకై మడతలు పెట్టుట అచ్చటి యాచారము. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలోని తల్లులును పిల్లల గౌనులకు అంచువద్ద ఇట్టి మడతలే వేసిరి. గుడ్డ విలువైనదై, చేయి పనినెఱిగినదై యున్నంతకాలము తల్లులందఱు ఒకే తీరున ఆలోచించిరని తోచుచున్నది.

ఇక కుచ్చు. మూడుగజముల చుట్టును ముప్పదియంగుళములకు కుదింపవలెను. పైకొసకు అరంగుళము క్రింద ఒక వరుస, దానికి కాలంగుళము క్రింద మఱియొక వరుస, ముందుకుట్టు వేయవలెను. ఇచ్చట కుట్టు పెద్దదిగా నుండవలెను: కాలంగుళము పైకి, కాలంగుళము లోనికి. రెండు వరుసల కుట్లును ఒకదాని క్రింద నొకటి సరిగా రావలెను. తప్పినచో కుచ్చు నలిగినట్లుండును గాని నిలువుగా నిలువదు. పిదప రెండు దారములను ఒక్కమాఱే లాగిన, గుడ్డ హార్మోనియపు తిత్తివలె ముడుచుకొనును. లెక్కకు 216 ముడుతలు, అంగుళమునకు ఏడేసి. వీనిని సూదిమొనతో నిలువునకు దువ్వి సరిచేసి, నడుముపట్టీ యంచును పైనబెట్టి, ముడుతకొక్క కుట్టు చొప్పున వెనుకకుట్టుతో బిగింపవలెను. మా నాలుగు మధ్యాహ్నములలో ఒకటి పూర్తిగా ఈ 216 కుట్లకే పోయినది. దర్జీవాడు ఇంత యోపిక పట్టడు, పట్టుమని మనమును అడుగలేము. అతడు అంచులు నెట్టి నెట్టి యంత్రము క్రింద పోనిచ్చును. ఒకచోట గుత్తముగను, ఒకచోట పలుచగను వచ్చును. చేతికుచ్చు చుట్టును సమానముగా పడును. పిల్ల గిరగిర తిరిగినప్పుడు పరికిణీ గొడుగువలె విచ్చుకొనుట అందువలననే. ఆడపిల్లలకు పరికిణీ పరీక్ష అదియేకదా!

పట్టీని లోపలికి మడచి, ముడుతల కుట్టును కప్పుచు చుట్టుకుట్టు వేసి, చీలికవద్ద రెండు కొసలను తెఱచి యుంచవలెను. బొందును పొడవున మడచి కుట్టి, కొసకు పిన్నీసు గ్రుచ్చి దూర్చుకొనవచ్చును. పట్టీ నడుమ వెనుకభాగమున బొందుపై రెండు కుట్లు వేసినచో అది యెన్నడు జారి లోపలికి పోదు. ఇస్త్రీకి మామ్మగారు ఇత్తడిచెంబులో నిప్పులు పోయించి నూలుగుడ్డ చుట్టుకొని పట్టుకొనిరి. చెంబడుగు నున్నగా నుండుటచే మడతలు చక్కగా అణగినవి. ఇది చూచుటకు వేడుకయే గాని, పిల్లలున్న యింట విద్యుత్తు ఇస్త్రీపెట్టెయే మేలు.

పట్టుపరికిణీకి పద్ధతి ఇదియే యైనను జాగ్రత్త లెక్కువ. దారము పట్టుదే కావలెను. కుచ్చు పలుచగా నుండవలెను, ముడుతలు పెద్దవిగా నుండవలెను. జరీయంచుపైని మడత ఎన్నడును పడరాదు. జరీ మడతవద్ద విఱుగును. ఏడాదికొకమాఱు పెట్టెనుండి తీసి వేఱొక తీరున మడచి పెట్టవలెను.

చేతికుట్టు మన యూళ్లలో చచ్చిపోయినదని మేము చెప్పుటలేదు. కొత్తచీర కొన్న ప్రతివారును దాని యంచున ఫాలు కుట్టించుకొందురు. అది చేతితో కుట్టినదే బాగుండునని అందఱకు తెలియును. చెఱగుకొసలకు కుచ్చులు ముడివేసి నాలుగు డబ్బులు సంపాదించుకొను గృహిణులు వీధివీధినను కలరు. ఆ చేతులకు ఈ పరికిణీ యొక వారపు పాఠము మాత్రమే. నేర్పగలవారు మాత్రము మామ్మగారి యీడువారై పోయిరి. మా చుట్టుప్రక్కల కనుగొన్నంతలో మడతపరికిణీ తుదివఱకు కుట్టగలవారు ముగ్గురు దొరకిరి; ముగ్గురకును చూపు మందగించినది. సూదిబెజ్జములో దారము ఎక్కించి యిచ్చువారున్నచో వారు నేటికిని కుట్టగలరు, చెప్పగలరు.

కుట్టినవారికి విప్పునప్పటి సంగతులు కూడ చెప్పవలసియున్నది. మొదట పైమడతను విప్పుడు. అంచుచెంతనున్న రెండును అలంకారముగా మిగులును. విప్పినచోట గుడ్డ కొత్తదివలె మెఱయును, చుట్టును వెలిసియుండును. నడుమ గీటు కనబడును. పూర్వులు ఆ గీటుపై గొలుసుకుట్టో, సన్నని జరీపట్టీయో వేసి, అది ముందే యుద్దేశించినట్లు చేసెడివారు. మూడుమడతలును విప్పి, పరికిణీ పనియు తీఱినపిదప, నడుముపట్టీని విప్పి, నిలువుకుట్టొక్కటి త్రెంచిన మరల మూడుగజముల తిన్నని గుడ్డ చేతికి వచ్చును. అది చెల్లెలికి చిన్నపరికిణీ కావచ్చును, బొంతకు పైగుడ్డ కావచ్చును. త్రికోణపు ముక్కలుగా కోసిన నేటి కలీల లంగాలకు ఈ గతి లేదు.

మిగిలిన పట్టీముక్కను పాఱవేయరాదు. దానిని పరికిణీ లోపలివైపున, నడుముపట్టీకి రెండు కుట్లతో వ్రేలాడదీసి, పరికిణీ నుతికినప్పుడెల్ల దానినికూడ ఉతుకుడు. ఎప్పుడైన చిరుగుపడి మాసిక వేయవలసివచ్చినచో, ఆ ముక్కయు పరికిణీయు ఒకే పాటికి వెలిసియుండును.